సీసా వెనక్కి వెళ్లేది

ఒకప్పుడు బెజవాడలో డాక్టరుగారి దగ్గరకు వెళ్లే మనిషి చేతిలో ఖాళీ సీసా ఉండేది. డాక్టరు నాడి చూసి చీటీ రాస్తే, పక్క గదిలో కాంపౌండరు ఆ సీసా అందుకునేవాడు. పెద్ద జాడీల్లోంచి ఎర్రగానో పచ్చగానో ఉండే మిక్స్చరు పోసి, బిరడా బిగించి, సీసా పక్కన మెట్లు మెట్లుగా కత్తిరించిన కాగితం అంటించేవాడు. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. మూడు రోజుల మందు మూడు రోజులకే సరి. నాలుగో రోజుకూ జ్వరం తగ్గకపోతే అదే సీసా కడుక్కుని మళ్లీ వెళ్లాలి. సీసా మరిచిపోయినవాళ్లు దాని ఖరీదు విడిగా ఇచ్చుకోవాలి. ఇంట్లో మందు మిగలడమనే మాటే ఆ లెక్కలో లేదు. మిగిలేది సీసా. దానికి తిరిగి వెళ్లే దారి ఉంది.

అంతకు ముందటి సంగతి ఇంకా తేలిక. శొంఠి, వాము, మిరియాలు మందుకు పోగా మిగిలితే చారులో పడేవి. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కంపెనీ ముద్రతో వచ్చి తెలుగిళ్ల గూట్లో అంత కాలం కూర్చున్న మందు మరొకటి లేదేమో. అడుగంటా గీకి కణతలకు రాసుకున్నాక కూడా ఆ బుల్లి సీసాను పారేయడానికి ఎవరికీ మనసొప్పేది కాదు. సున్నానికో కుంకానికో పనికొచ్చేది.

మందుకు ఆఖరి తేదీ రాసిపెట్టింది చట్టం. దేశంలో నాసిరకం మందులు పెరిగాయని 1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. పదేళ్లకు 1940 డ్రగ్స్ చట్టం, దాని వెంట 1945 నిబంధనలు వచ్చాయి. కల్తీ లేని మందు కూడా ఫలానా రోజు దాటితే అమ్మకూడని సరుకవుతుందన్న సంగతి దుకాణానికి ఈ దారినే చేరింది. మరి అమ్మకూడని సరుకును ఏం చేయాలి? దీనికి 65వ నిబంధనలో మంచి జవాబుంది. గడువు తీరిన మందును తయారీదారు వెనక్కి తీసుకోవడానికో, డబ్బు తిరిగి ఇవ్వడానికో, నాశనం చేయడానికో దుకాణదారు ఏర్పాటు చేసుకుని ఉంటే, అప్పటిదాకా దాన్ని షాపులో ఉంచుకోవచ్చు. కానీ అమ్మకపు సరుకుతో కలపకూడదు. అట్టపెట్టె పైన ‘నాట్ ఫర్ సేల్’ అని కనిపించేలా రాయాలి.

అమ్మిన సరుకు ఆఖరి సంగతి కూడా తయారీదారే చూసుకోవాలనే ‘ఉత్పత్తిదారు బాధ్యత’ అనే మాట పుస్తకాల్లోకి రాకముందే, మన మందుల వ్యాపారంలో దాని సగం పని జరుగుతూ వచ్చిందన్నమాట.

ఆ సగం ఎలా నడుస్తుందో చూడాలంటే బెజవాడే సరైన చోటు. రైళ్లన్నీ కలిసే జంక్షన్, డెల్టా ఊళ్లన్నిటికీ పెద్ద బజారు, గవర్నరుపేట నుంచి సూర్యారావుపేట దాకా వరసగా ఆస్పత్రులు. కంపెనీ నుంచి డిపోకు, డిపో నుంచి స్టాకిస్టుకు, స్టాకిస్టు నుంచి పామర్రులోనో కైకలూరులోనో ఉన్న మెడికల్ షాపుకు సరుకు దిగుతుంది. అమ్ముడుపోకుండా గడువు తీరితే అదే మెట్లెక్కి వెనక్కి వెళుతుంది. దుకాణదారుల భాషలో దాని పేరు ‘ఎక్స్‌పైరీ’. డబ్బు చేతికి రాదు, క్రెడిట్ నోటు వస్తుంది. అదీ గొడవ లేకుండా రాదు. గడువు తీరి ఇన్ని నెలలు దాటాయని ఒక కంపెనీ, బిళ్లల షీటు కత్తిరించి ఉందని ఇంకో కంపెనీ కాదంటాయి. రిప్రజెంటేటివ్‌కు ఫోన్లు, ఏజెన్సీ కుర్రాడితో వాదన మామూలే. ఈ వెనుక నడక ఎంత పెద్దదంటే, జీఎస్‌టీ వచ్చిన మరుసటి ఏడాదే, 2018 అక్టోబరు 26న, గడువు తీరిన మందులు వెనక్కి పంపితే పన్ను ఎలా లెక్కకట్టాలో చెప్పడానికి కేంద్రం ప్రత్యేకంగా ఒక సర్క్యులర్ విడుదల చేయాల్సి వచ్చింది. పన్నులవాళ్ల కంట పడిందంటే ఆ దారి ఉన్నట్టే.

అయితే ఆ దారి షాపు కౌంటరు దగ్గరే ఆగిపోతుంది. కౌంటరు దాటి గడప తొక్కిన బిళ్ల ఇక ఎవరిదీ కాదు.

ఇంట్లో మందు మిగలడం షీటు కాలంతో మొదలైన అలవాటు. మన దగ్గర ఆ కాలానికి మూలం హైదరాబాద్ బాలానగర్‌లో సోవియట్ సాయంతో వచ్చిన ఐడీపీఎల్ కర్మాగారం, దాని వెంట మందు పదార్థానికి కాక తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చిన 1970 చట్టం. బెజవాడకు ఏటి అవతల తాడేపల్లిలో పసుపు రైతు ఇంట పుట్టిన అంజిరెడ్డి, ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. మచిలీపట్నంలో పెరిగిన దివి మురళి 1990లో దివీస్ మొదలుపెట్టారు. డెల్టా పిల్లలు హైదరాబాద్ చుట్టూ కట్టిన కర్మాగారాలు మందుల ధర దించాయి. అది చిన్న మేలు కాదు. ధర దిగాక పది బిళ్లల షీటు కొని ఆరు వేసుకోవడం కూడా తేలికైంది. మిగిలిన నాలుగూ బీరువా సొరుగులో పడి ఉంటాయి. దీపావళికి ఇల్లు సర్దేటప్పుడు చూస్తే వెండి కాగితం మీద తేదీ చెరిగిపోయి ఉంటుంది.

వాటిని పారేసే చోటు దగ్గరే డెల్టా కథ వేరే అవుతుంది. 1855 నాటికి కృష్ణకు అడ్డంగా ఆనకట్ట కట్టారు. ఆర్థర్ కాటన్ ఆలోచన, కెప్టెన్ ఓర్ పనితనం. 1957లో దాని చోట ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాదాపు 13 లక్షల ఎకరాలకు నీళ్లందించే ఏర్పాటిది. బందరు, ఏలూరు, రైవస్ కాలవలు బెజవాడ ఇళ్ల మధ్యలోంచే కిందికి పోతాయి. ఆ నీళ్లు పొలాలకే కాదు, శివారు ఊళ్ల మంచినీళ్ల చెరువులకూ వెళతాయి. ఎగువ వీధిలో కాలవలో పడేసినది దిగువ ఊరి వైపు పోతుంది. కాలవ గట్టున పుట్టినవాడికి దీన్ని ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. అయినా గట్ల మీద చెత్త సంచులు కనిపిస్తూనే ఉంటాయి.

నీటిలో మందు చేరితే ఏమవుతుందో ప్రపంచానికి గట్టిగా చూపించిన ఊరు కూడా తెలుగు నేల మీదే ఉంది. హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో, తొంభై దాకా మందుల కర్మాగారాల వ్యర్థ జలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ పరిశోధకుడు లార్సన్ బృందం పరీక్షించింది. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రకటించింది. రోజుకు 45 కిలోలు! స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే మందు అది. ఇంటి సొరుగులోని నాలుగు బిళ్లలను దాంతో పోల్చడం అన్యాయమే. నీటిలోకి చేరే మందులో పెద్ద వాటా కర్మాగారాలదీ, మనుషుల, పశువుల ఒంట్లోంచి బయటికొచ్చేదీ. కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల్లో వాడే యాంటీబయాటిక్స్‌దీ మరో చరిత్ర. ఆ అవశేషాల భయంతోనే 2016లో ఐరోపా యూనియన్ మన చెరువుల రొయ్యల సరుకులో తనిఖీ చేసే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అక్కడ నష్టం రైతు జేబుకు నేరుగా తగిలింది కాబట్టి కదలిక వచ్చింది. సొరుగులోని బిళ్లకు అలాంటి లెక్క అడిగేవాడు లేడు.

చట్టాలు మాత్రం రాకపోలేదు. 1998లో ఆస్పత్రి వ్యర్థాలకు నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో వచ్చిన 2016 నిబంధనల ప్రకారం ఆస్పత్రిలో గడువు తీరిన మందు పసుపు సంచిలోకి వెళ్లాలి. క్యాన్సర్ మందులను తయారీదారుకో సరఫరాదారుకో తిప్పి పంపి, 1200 డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చాలి. అదే ఏడాది వచ్చిన ఘన వ్యర్థాల నిబంధనలు ఇంట్లో గడువు తీరిన మందును ట్యూబులైట్లు, పురుగుమందుల డబ్బాలతో కలిపి ‘గృహ ప్రమాదకర వ్యర్థం’ అన్నాయి. దాన్ని తీసుకునే కేంద్రాలను ప్రతి 20 చదరపు కిలోమీటర్లకు ఒకటి చొప్పున మునిసిపాలిటీ పెట్టాలని కూడా అన్నాయి. విజయవాడ నగరం దాదాపు 62 చదరపు కిలోమీటర్లు. లెక్క ప్రకారం నాలుగు కేంద్రాలు. ఖర్చు నగరానిది, కంపెనీకి పైసా భారం లేదు.

ఇందులో ఒక వింత. ప్లాస్టిక్ ప్యాకింగ్ బాధ్యత ఉత్పత్తిదారుదేనని 2022లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అంటే బిళ్ల చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌కు కంపెనీ జవాబు చెప్పాలి, లోపలి బిళ్లకు అక్కర్లేదు.

ఈ ముడి వేరే చోట విడిపోయింది. ఫ్రాన్స్‌లో సిక్లామెడ్ సంస్థ 1993 నుంచి మందుల షాపుల ద్వారా ఇళ్లలో మిగిలిన మందులు సేకరిస్తోంది. అమెరికాలో మొదటి పెద్ద తగువు తెలుగువాళ్లు గుంపుగా స్థిరపడిన చోటే జరిగింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ ఊరున్న అలమీడా కౌంటీ, జనం వాడగా మిగిలిన మందుల సేకరణ ఖర్చు తయారీదారులే భరించాలని 2012 జూలైలో స్థానిక చట్టం చేసింది. మందుల కంపెనీల సంఘాలు కోర్టుకెక్కాయి. వాటిలో జెనరిక్ మందుల సంఘం కూడా ఉంది. 2014లో అప్పీలు కోర్టు కౌంటీ వైపే తీర్పిచ్చింది, 2015లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనంది. 2018లో కాలిఫోర్నియా రాష్ట్రమంతటికీ అలాంటి చట్టమే వచ్చింది. అక్కడ అమ్మే మందు ఏ దేశపు కంపెనీదన్నది ఆ చట్టానికి పట్టదు.

బెజవాడ నుంచి కొడుకు దగ్గరకో కూతురు దగ్గరకో ఫ్రీమాంట్ వెళ్లే పెద్దవాళ్లు ఆరు నెలల బీపీ, షుగరు మందులు సూట్‌కేసులో సర్దుకుని వెళతారు. మనవడు వాళ్లకు అక్కడి ఫార్మసీలో మందులు వేసే పెట్టె చూపిస్తాడు. తిరిగి ఇంటికొచ్చాక బెజవాడ వీధిలో దాని కోసం వెతకడం వృథా.

కేరళ కొంత ముందుంది. 2025లో కోజికోడ్‌లో మొదలైన ఎన్‌ప్రౌడ్ పథకం కింద ఇళ్లలో మిగిలిన మందులు సేకరించి ఎర్నాకుళంలోని దహన కేంద్రానికి పంపుతున్నారు. అదే ఏడాది మే నెలలో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ఒక మార్గదర్శక పత్రం విడుదల చేసింది. రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖలు, మందుల వ్యాపారుల సంఘాలు కలిసి మందులు వెనక్కి తీసుకునే కార్యక్రమాలు పెట్టాలని అందులో ఉంది. ట్రమడాల్, ఫెంటానిల్ వంటి 17 మందులను మాత్రం ఇంట్లో ఉంచకుండా టాయిలెట్‌లో పోసి నీళ్లు కొట్టమని కూడా ఉంది. పొరపాటున ఎవరైనా మింగితే ఒక్క మోతాదుకే ప్రాణం మీదికి తెచ్చే రకాలు అవి. ఇంటి మందు వెనక్కి వస్తే ఖర్చెవరిదన్న ప్రశ్న మాత్రం ఫ్రాన్స్‌లోలా, అలమీడాలోలా ఇక్కడ తేలలేదు.

ఏ మెడికల్ షాపులోనైనా కౌంటరు వెనక, మెట్ల కిందో బల్ల కిందో, ‘నాట్ ఫర్ సేల్’ అని రాసిన అట్టపెట్టె ఉంటుంది. నెలకో రెండు నెలలకో ఏజెన్సీ కుర్రాడు వచ్చి బ్యాచి నంబర్లు చూసి, జాబితా రాసుకుని పట్టుకెళతాడు. కొన్న మనిషి నాలుగు బిళ్లలు మిగిలిన షీటు తెచ్చి ఇందులో వేయమంటే దుకాణదారు వేయలేడు. కత్తిరించిన షీటుకు క్రెడిట్ నోటు రాదు.