ఇంటిచదువు, వీధిబడి, శతకం

పసిపిల్లలకు భాష నేర్పడంలో ఒక మెత్తని పద్ధతి ఈమధ్య మనవాళ్ళ చర్చల్లోకి వస్తున్నది. పట్టణాలలో చదువుకున్న తల్లిదండ్రులు కొందరు పిల్లలను బడికి పంపకుండా, ఇంట్లోనే కూర్చోబెట్టి, కాసేపు పద్యం, కాసేపు కథ, నాలుగు పంక్తులు చూచివ్రాత, ఈ విధంగా ప్రాచీన సాహిత్యంతోనే భాష నేర్పిస్తున్నారు. వారికి ఒరవడి ఇంగ్లండుకు చెందిన షార్లెట్ మేసన్. ఇంటిచదువు మీద ఆమె పుస్తకం 1886లో వెలువడింది. పాఠం చిన్నదిగా ఉండాలి, విన్న కథను పిల్లవాడు తన మాటల్లో తిరిగి చెప్పాలి, మంచి వాక్యాన్ని చూచి వ్రాయాలి అన్నది ఆమె పద్ధతి. పద్ధతి మంచిదే. కాని దాన్ని చూచి ఒక వర్గంవారు, "ఇది మన సనాతన విద్యే గదా, మన తాతలు ఇంటింటా చేసిందే గదా" అని మురిసిపోతున్నారు. ఇంకొక వర్గంవారు, వీరిలో మన మిత్రులే ఎక్కువ, "శతకాలు వల్లెవేయించడం భూస్వామ్య అవశేషం, దానితో మనకేమి పని?" అని తోసిపుచ్చుతున్నారు. చరిత్ర ముందు ఈ రెండు మాటల్లో ఏదీ నిలవదు.

ఆ చరిత్ర కోసం దూరం పోనక్కరలేదు. కరీంనగర్ నుంచి జగిత్యాలకు పోయే దారిలో కొండగట్టు ఉన్నది. అక్కడి దేవుడు ఆంజనేయుడు. కిష్కింధాకాండలో రాముడు మొట్టమొదట మెచ్చుకున్నది ఈయన బలాన్ని కాదు, మాటను. ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదని. ఈయన సూర్యుని వెంట నడుస్తూ వ్యాకరణం నేర్చుకున్నాడని ఉత్తరకాండ కథ. బడిలో కూర్చోకుండా చదువుకున్నవాడు! స్థలపురాణం ప్రకారం ఆ దేవుణ్ణి కనుగొన్నవాడు మాత్రం పశువుల కాపరి. కథలను పక్కనబెట్టి కొండ చుట్టూ చూస్తే, మన పసిపిల్లల చదువుకు సంబంధించిన మూడు స్థలాలు ఈ ప్రాంతంలోనే ఉన్నాయి.

కరీంనగర్ వైపు గంగాధర దగ్గర కురిక్యాల. అక్కడి బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు చెక్కించిన శాసనం క్రీ.శ. 945 ప్రాంతానిది. వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో కన్నడ ఆదికవి పంపడు ఉండేవాడు. అతని తమ్ముడే ఈ జినవల్లభుడు. సంస్కృతం, కన్నడంతో పాటు ఆ శాసనంలో మూడు తెలుగు కందపద్యాలున్నాయి. నన్నయకు దాదాపు వంద ఏండ్లు ముందటి మాట ఇది. 2008లో తెలుగుకు ప్రాచీన హోదా వచ్చినప్పుడు ఈ శాసనం పేరు చాలా వినిపించింది. హోదా సంగతి అట్లా ఉంచి, ఒక్క విషయం గమనించాలి. ఆ గుట్ట మీద చెక్కిన కందమే సుమతీశతకపు ఛందస్సు, అంటే మన పిల్లలు మొదట నోటికి పట్టే పద్యపు ఛందస్సు.

గోదావరి వెంట ఎగువకు పోతే బాసర. ఈనాటికీ తల్లిదండ్రులు పిల్లలను అక్కడికి తీసుకుపోయి బియ్యంలో అక్షరాలు దిద్దిస్తారు. మూడవది ధర్మపురి. మన చర్చకు అసలు కీలకం ఇక్కడే ఉన్నది.

నరసింహశతకం రచించిన శేషప్పది ధర్మపురి. తెలంగాణలోనే గాక తెలుగుదేశమంతటా వీధిబడుల్లో, ఇండ్ల అరుగుల మీద పిల్లలు నోటికి నేర్చిన పుస్తకం ఇది. శతకం మొదట్లోనే కవి తన సంగతి చెప్పుకుంటాడు: తాను గణ యతి ప్రాసల లక్షణం చూడలేదట, పంచకావ్యాలు పఠించలేదట, అమరం మూడు కాండలూ పరిశీలించలేదట, శాస్త్రగ్రంథాలు చదవలేదట. దీన్ని మామూలు కవి వినయం అని దాటవేయడం మన వ్యాఖ్యాతలకు అలవాటు. కాని ఆ జాబితాను కాస్త నిలబడి చదవండి. అది ఆనాటి పండితుల ఇంట పిల్లవాడి పాఠ్యప్రణాళిక! అమరంతో మొదలై పంచకావ్యాలతో నడిచి శాస్త్రంలో ముగిసే ఆ చదువు తనకు లేదంటున్నాడు శేషప్ప. ఆ ప్రణాళిక బయట నిలబడినవాడు వ్రాసిందే చివరకు వేలాది పిల్లలకు తొలిపాఠమయింది. పండితుల ఇంటి అమరం పండితుల ఇంట్లోనే ఉండిపోయింది.

ఇట్లా జరగడానికి కారణం భక్తి ఒక్కటే కాదు. భక్తి శతకాలు మన భాషలో వందలున్నాయి. వాటిలో చాలాభాగం ఏ పిల్లవాడి నోటా లేవు. కారణం పద్యపు నిర్మాణంలో ఉన్నది. శతకానికి మకుటం ఉంటుంది. సుమతిలో మకుటం ఒక్క మాట. వేమనలో ఆటవెలది చివరి పాదమంతా మకుటమే, కాబట్టి పిల్లవాడు కొత్తగా మోయవలసింది మూడు పాదాలే. శేషప్ప సీసం పెద్దది. పొడుగైన నాలుగు పాదాలు, ఆపైన తేటగీతి. కాని ఆ తేటగీతిలో సగం మకుటం. పద్యం ఎంత పొడుగైతే అంత పెద్ద ఊతకర్ర! సగంలో తప్పిపోయినవాడు కూడా చివరకు అందరితోపాటు గొంతు కలుపుతాడు, ఓడిపోయానన్న బాధ ఉండదు. సీసపాదం కూడా రెండు తునకలుగా విరుగుతుంది, కాబట్టి ఒక్క ఊపిరిలో పట్టే ముక్కలు ముక్కలుగా నేర్చుకోవచ్చు. మెత్తదనం అంటే ఇదీ. అది అయ్యవారి స్వభావం నుంచి రాలేదు, పద్యం కట్టులోనే ఉన్నది.

అయ్యవారి స్వభావంలో అది లేదనడానికి సాక్ష్యం కావలసినంత ఉన్నది. కోదండం, గోడకుర్చీ, తొడపాశం అన్న మాటలు మన భాషలోకి ఎక్కడి నుంచి వచ్చాయి? 1800 వరకు నిజాం ఏలుబడిలో ఉండి, ఆ ఏడు కంపెనీకి దత్తమైన బళ్ళారి జిల్లా నుంచి ఒక లెక్క మనకు మిగిలింది. మద్రాసు గవర్నరు మన్రో 1822లో ఆరా తీయగా, మరుసటి ఏడు కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన నివేదిక అది. ఉదయం ఆరు గంటలకే బడి. మొదట వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాస్తారు, రెండవవాడికి సున్న చుడతారు, మూడవవాడి నుంచి దెబ్బలు మొదలై ఒక్కొక్కటి పెరుగుతూ పోతాయి. ఇసుకలో వేలితో వ్రాయించడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం క్యాంప్‌బెల్‌కు నచ్చాయి. ఇంగ్లండు దీన్ని అనుకరించడం సబబే అన్నాడు. మద్రాసులో ఉండగా ఇసుక వ్రాతను చూచిన ఆండ్రూ బెల్ అప్పటికే దాన్ని అక్కడికి మోసుకుపోయి ప్రసిద్ధుడయ్యాడు. ఐతే పిల్లలు వల్లించే పద్యాల భాష వాడుకభాషకు దూరమనీ, అర్థం తెలియకుండా చిలకపలుకులు పలుకుతున్నారనీ కూడా ఆ కలెక్టరు వ్రాశాడు. మనలను ఏలినవాడన్న మాటగదా అని దీన్ని కొట్టివేయడానికి వీల్లేదు. గిడుగువారు తర్వాత పోరాడింది కూడా ఈ దూరం మీదనే.

ఆ నివేదికలోని అంకెలు మన రెండు వర్గాలకూ పనికివస్తాయి. జిల్లాలో 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. బ్రాహ్మణ, వైశ్య బాలురు కలిసి 2,166 మంది. శూద్ర బాలురు 2,998 మంది. వీధిబడి కేవలం అగ్రహారపు సొత్తు అన్నవారు ఈ లెక్క చూడాలి. ఐతే జిల్లా జనాభా 9,27,857. అంటే వెయ్యికి ఏడుగురు బడిలో ఉన్నారు. ఆడపిల్లలు మొత్తం 60 మంది. ఇంటింటా చదువున్న స్వర్ణయుగం కోసం వెదికేవారు ఈ లెక్క కూడా చూడాలి.

ఇక నైజాము సంగతి. 1880ల దశకంలో పారసీ పోయి ఉర్దూ రాజభాష అయింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. అక్కడ బోధన ఉర్దూలో. ఒక దేశభాష విశ్వవిద్యాలయ బోధనకు పనికివస్తుందని నిరూపించిన ఘనత దానిదే, కాదనను. కాని ఆ దేశభాష రాజ్యంలో అత్యధికుల ఇంటిభాష కాదు. తెలుగు చదువు ఖానగీ బడికీ, ఇంటి అరుగుకూ పరిమితమయింది. 1920ల నడుమ ఖానగీ బడులకు ముందుగా అనుమతి ఉండాలని సర్కారు నిబంధన తెచ్చింది. బడులు బాగా తగ్గిపోయాయి. ఆ నిబంధన తీసివేయాలనీ, మాతృభాషలో బోధన కావాలనీ ఆంధ్ర మహాసభలు తీర్మానాలు చేశాయి. 1935లో నాలుగవ మహాసభ మాడపాటి హనుమంతరావు అధ్యక్షతన జరిగింది ఇక్కడికి దగ్గరలోని సిరిసిల్లలోనే. అంతకు ముందు, 1928లో హైదరాబాదులో పెట్టిన తెలుగు బాలికల పాఠశాలకు ఉస్మానియా గుర్తింపు దొరకక, ఆ ఆడపిల్లలు పూనాలోని కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చున్నారు. తెలుగులో పరీక్ష వ్రాయడానికి మరాఠీ దేశపు ఆసరా!

1931లో హనుమాజీపేటలో రైతు ఇంట పుట్టిన సి. నారాయణరెడ్డికి తెలుగు అక్షరాలు వీధిబడిలో వచ్చాయి. ఆపైన సిరిసిల్ల, కరీంనగర్ బడులలో, డిగ్రీ దాకా కూడా, చదువు ఉర్దూలోనే. ఊరి హరికథలు, జానపదుల పాటలు వింటూ ఆయన చెవి తయారయింది. దాశరథికి ఇంట్లోనే సంస్కృతం చెప్పగల తండ్రి ఉన్నాడు. అరుగు ఉన్న ఇల్లు, గ్రంథాలున్న ఇల్లు, పిల్లవాణ్ణి పొద్దున పనికి పంపనక్కరలేని ఇల్లు. ఇంటిచదువుకు ముందు ఇల్లు ఉండాలి, ఇంట్లో తీరిక ఉండాలి. జీతగాని కొడుకు దొర పశువుల వెంట పోయిన కాలంలో "ఇంటింటా విద్య" అన్న మాటకు అర్థమేమిటి?

ఐనా ఆ జీతగాని ఇల్లు భాష లేని ఇల్లు కాదు. ఆశ్వయుజంలో బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడపిల్లను చూడండి. ఒకామె చరణం ఎత్తుకుంటుంది, మిగతావారు ఉయ్యాలో అని అందుకుంటారు. కొన్ని ఏండ్లకు ఆ పిల్లే ముందు నిలబడి పెద్ద కథంతా పాడుతుంది. పలక పట్టనిది, అక్షరం ఎరగనిది. శతకంలో మకుటం చేసే పనే ఇక్కడ ఉయ్యాలో చేస్తున్నది. శేషప్పకూ, ఈ పిల్లకూ పంచకావ్యాలతో పనిలేదు. పాఠం ఒకే చోటినుంచి పుట్టింది. మన విమర్శలో శతకం "శిష్టం", బతుకమ్మ పాట "జానపదం" అని రెండు అరల్లో సర్దిపెట్టడం వల్ల ఈ బంధుత్వం కనపడకుండా పోయింది.

కనుక, శతకాన్ని భూస్వామ్యపు మూటలో కట్టి పారవేయమనే మిత్రులతో నేను ఏకీభవించను. సుమతిలో స్త్రీలను గురించీ, కులాలను గురించీ పసివాడి నోట పెట్టరాని పద్యాలున్నాయి. వాటిని ఏరివేయవలసిందే, మొగమాటం అక్కరలేదు. పద్ధతి మాత్రం వేరు సంగతి. మేసన్ పద్ధతి కూడా మొదట గవర్నెసును పెట్టుకోగల ఇండ్లదే. 1914లో యార్క్‌షైరులో ఒక గనికార్మికుల పల్లెలోని సర్కారు బడిలో దాన్ని ప్రవేశపెడితే, ఆ పిల్లలు మంచి సాహిత్యాన్ని విని తమ మాటల్లో తిరిగి చెప్పారు; ఆపైన అది ఇంకా ఎన్నో బడులకు ప్రాకింది. మన దగ్గర 2018లో తెలుగును బడులన్నిటా తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలయింది. తెలుగు ఒక గంట పాఠంగా మిగిలినచోట ఆ గంట దేనితో నింపుతామన్నది చిన్న ప్రశ్న కాదు. ఒత్తులూ, ప్రశ్నజవాబులూ వ్రాయించి తోమేసే బదులు, బీడీలు చుట్టే తల్లి బిడ్డకు రోజుకు ఒక పద్యం, ఒక కథ చెవిన వేయడానికి ఖర్చు ఏమీ లేదు. ఇల్లు ఇవ్వలేని తీరికను ఇవ్వగలిగింది ఆ బడి ఒక్కటే.

ఇంతవరకు తెలుగు పిల్లవాణ్ణి తలచుకుని మాట్లాడాము. గోదావరి దాటితే ఆదిలాబాదు అడవుల్లో గోండు పిల్లవాడున్నాడు. 1921లో హైదరాబాదు సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసిన సంగతి మనం ప్రతి సభలోనూ గుర్తుచేసుకుంటాం. గోండు పిల్లవాడికి మన తెలుగు ఆనాటి ఉర్దూ వంటిదే. కొమురం భీం 1940లో చనిపోయిన తర్వాత నైజాము ప్రభుత్వం ఆ ప్రాంతానికి హైమెన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రజ్ఞుణ్ణి పంపింది. 1943లో మర్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలసింది. గోండు యువకులనే పంతుళ్ళను చేశారు. గోండీ భాషలో, నాగరిలిపిలో వాచకాలు అచ్చువేశారు. తెలుగు ఖానగీ బడికి ఆంక్షలు పెట్టిన సర్కారే గోండు పిల్లవాడికి అతని భాషలో పుస్తకం ఇచ్చింది. భీం తిరుగుబాటు లేకపోతే ఇచ్చేది కాదన్నది వేరే మాట. తర్వాతి దశాబ్దాలలో, మన భాష మనకు దక్కిన కాలంలో, ఆ వాచకాలు మూలపడ్డాయి. తెలుగు వాచకం వచ్చింది. ఊళ్ళలో పర్ధానులు కింగిరి వాయిస్తూ గోండుల పురాణగాథలు పాడుతుంటే పిల్లలు పెద్దల పక్కన కూర్చుని విన్నారు. తెల్లవారి బడికిపోతే ఆ కథ అక్కడ లేదు.