గోదావరి ఒడ్డుకు వచ్చిన చుట్టం

ఈమధ్య మన పిల్లల నోట 'హోమ్‌స్టే' అనే మాట ఎక్కువగా వినిపిస్తోంది. పట్నంవాళ్లు వచ్చి గిరిజనుల ఇంట్లో రెండు రోజులుంటారు, మన తిండి తింటారు, మన ఆట చూస్తారు, డబ్బులిచ్చి వెళ్తారు. వారాసిగూడలో మా హాస్టల్‌లో ఉంటూ ఉస్మానియా క్యాంపస్‌కు వెళ్లే అమ్మాయిలు ఇదేదో కొత్త సంగతి అనుకుంటున్నారు. బయటి మనిషి మన ఊళ్లకు వచ్చి ఉండిపోవడం ఎనభై ఏళ్ల కిందటే జరిగింది. ఆ మనిషి తర్వాత ఇదే ఉస్మానియాలో ప్రొఫెసర్ కూడా అయ్యారు.

ఆయన పేరు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఇండియాలో ఉన్నారు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోవడంతో బ్రిటిష్‌వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడు. నిజాం రాజ్యం దాటి వెళ్లకూడదన్న ఆంక్ష పడింది. అలా భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి 1940లో చెంచుల దగ్గరికి, 1941లో పాపికొండల కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత ఆదిలాబాద్ గోండుల దగ్గరికి చేరారు.

పాపికొండల ఊళ్లు మీలో కొందరివే. ముందు గోదావరి, వెనక అడవి, రాకపోకలకు పడవ. కొండమీది రెడ్లు పోడు కొట్టుకుని, జీలుగు కల్లు, మామిడి టెంక పిండితో కరువు నెలలు గట్టెక్కేవాళ్లు. ఏటి ఒడ్డు రెడ్లు కలప వ్యాపారుల చేతికి చిక్కారు. అడవిలో కలప కొట్టి నదిలోకి దించడం వాళ్ల పని, లెక్క రాసేది షావుకారు. ఎంత చేసినా బాకీ తీరదు. హైమెన్‌డార్ఫ్ 1945లో అచ్చువేసిన 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్'లో పండుగలతో పాటు ఈ బాకీల సంగతీ ఉంది. ఒక్క రాత్రి ఉండి వెళ్లే చుట్టానికి కల్లూ ఆటా కనిపిస్తాయి. బాకీ కనిపించాలంటే నెలల తరబడి ఉండాలి.

ఆదిలాబాద్‌లో ఆయన ఇంకా ఎక్కువ కాలం ఉన్నారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను చంపాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం సర్కారుకు పడింది. ఆ దంపతులు మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. భూముల పట్టాల కోసం ఆయన సర్కారుకు రాశారు. 1943లో అదే ఊళ్లో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు పిల్లలకు గోండీలోనే, గోండు పంతులే చదువు చెప్పాలన్నది దాని ఉద్దేశం. మేం టీచర్ ట్రైనింగ్ చదివినప్పుడు ఫ్రోబెల్, మాంటిస్సోరి పేర్లు బట్టీపట్టాం. మార్లవాయి పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు!

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. ఆయన నిజాం సర్కారు సలహాదారు, జీతం అక్కడిదే. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, ఎవరి గురించి రాశారో వాళ్లు చదవలేకపోయారు. కానీ ఆయన మళ్లీ మళ్లీ వచ్చారు. ఇప్పించిన భూములు తిరిగి చేజారిపోవడం కళ్లారా చూసి, 1982లో మరో పుస్తకంలో అదీ రాశారు. 1987లో చనిపోయిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆయన 1995లో లండన్‌లో పోయారు, చితాభస్మం తర్వాత ఆమె పక్కకే చేరింది. ఏటా జనవరి 11న ఊరంతా అక్కడ చేరుతుంది.

ఇలాంటి కథే దక్షిణ అమెరికాలోని సురినామ్‌లో ఉంది. బానిసత్వం నుంచి పారిపోయి అడవిలో నది వెంట ఊళ్లు కట్టుకున్న ఆఫ్రికన్ల సంతతి సారమాకాలు. 1762లో డచ్‌వాళ్లతో ఒప్పందం చేసుకుని స్వేచ్ఛ నిలబెట్టుకున్నారు. 1960లలో అఫొబాకా ఆనకట్ట వాళ్ల ఊళ్లు ఎన్నింటినో ముంచింది. ఆ దశకంలోనే రిచర్డ్ ప్రైస్, శాలీ ప్రైస్ దంపతులు అక్కడ ఉండి వాళ్ల చరిత్ర నేర్చుకున్నారు. తర్వాత సర్కారు అడవిని కలప కంపెనీలకు రాసిస్తే సారమాకాలు అంతర్ అమెరికా మానవ హక్కుల కోర్టుకు వెళ్లారు. అక్కడ రిచర్డ్ ప్రైస్ వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పారు. 2007లో కోర్టు సారమాకాల హక్కును ఒప్పుకుంది. ఇప్పుడు ఆ నది ఊళ్లలోనూ పర్యాటకులకు బసలున్నాయి.

మళ్లీ మన గోదావరికి వద్దాం. పాపికొండల బోట్లు, కొల్లూరు వెదురు గుడిసెలు అందరూ ఎరిగినవే. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగినప్పుడు నాటుపడవల్లో వెళ్లి ప్రాణాలతో ఉన్నవాళ్లను ఒడ్డుకు చేర్చింది చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. నది తెలిసినవాళ్లు వాళ్లు. మరి బస నడిపితే వచ్చే డబ్బు ఎవరికి చేరాలి? 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనడమే కాదు, కౌలుకు తీసుకోవడమూ చెల్లదు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మాట చెప్పే హక్కు ఇచ్చింది. కాబట్టి మీ పేరు బోర్డు మీద రాసి ఇంకొకరు నడిపే హోమ్‌స్టేకు ఒప్పుకోకండి. ఏది చూపించాలో, ఏ పూజ దగ్గర ఫోటో తీయకూడదో ఊరే ముందు కూర్చుని తేల్చుకోవాలి.

పోలవరం ముంపు కోసం 2014లో ఆ ఒడ్డు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపేశారు. హైమెన్‌డార్ఫ్ తిరిగిన ఒడ్డు ఊళ్లు కొన్ని ఆ ముంపులోనే ఉన్నాయి. ఊరు వదిలి కాలనీలకు చేరినవాళ్లకు గుమ్మంలోంచి గోదావరి కనిపించదు. అక్కడి అవ్వలు పాత ఊరి పేర్లు, రేవుల పేర్లు ఇంకా చెబుతారు. వచ్చే సెలవులకు వెళ్లేవాళ్లు ఒక నోటుబుక్ పట్టుకెళ్లండి.