అజ్ఞాతవాసానికి గడువు: రాయలసీమ ప్రదర్శనల్లో అధికారంలేని వేషం

వ్యాససంగ్రహం:
రాజులు సేవకులుగా బతికిన కథలు తెలుగు రంగస్థలానికి మొదటినుంచీ ప్రీతిపాత్రమైనవి. కడప జిల్లా సురభిలో 1885లో ప్రదర్శితమైన కీచకవధ మొదలుకొని తిరుపతి గంగజాతరలోని తోటివేషం, హరిశ్చంద్ర నాటకంలోని కాటిసీను, పగటివేషాల్లోని పిట్టలదొర వరకు అధికారంలేని పాత్రను ఎవరు ధరించారు, ఆ వేషాన్ని ఎప్పుడు విప్పగలిగారు అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సురభి, కీచకవధ, విరాటపర్వం, గంగజాతర, తోటివేషం, కాటిసీను, పగటివేషాలు

1. ఉపోద్ఘాతం

వేంపల్లె దాటి దక్షిణంగా వెళితే గండి దగ్గర పాపఘ్ని నది కొండలను చీల్చుకొని వచ్చే చోటు కనిపిస్తుంది. గండి ఆంజనేయస్వామి క్షేత్రంగా ఆ చోటు ప్రసిద్ధం. ఆ కొండలకు ఆవల చక్రాయపేట మండలంలో సురభి అనే ఊరు ఉంది. తెలుగు నాటకచరిత్రలో ఆ ఊరి పేరు ఒక కుటుంబానికీ ఒక నాటకసమాజానికీ ఇంటిపేరులా స్థిరపడింది. 1885లో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో అక్కడ ప్రదర్శించిన కీచకవధతో సురభి నాటకప్రస్థానం ఆరంభమైందని చరిత్రకారులు నమోదు చేశారు. ఆ ప్రదర్శన తేదీ గురించి, సమాజం విస్తరణ గురించి చాలా వ్రాశారు. తొలి నాటకంగా కీచకవధే ఎందుకు కుదిరింది, ఆ కథలోని వేషాలు ఎటువంటివి అన్న విషయంపై వచ్చిన చర్చ తక్కువ.

పదిమంది కలిసి ఒక కల్పితలోకంలో తలా ఒక పాత్రగా మెలగడం నేటి యువతకు 'పాత్రధారణ క్రీడ'గా పరిచితం. 1974లో అమెరికాలో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ ఆటలకు మూలరూపం. ఆటగాడు తన పాత్ర బలాన్నీ తెలివినీ పాచికలు వేసి అంకెలుగా నిర్ణయించుకుంటాడు. వీరుణ్ణో మాంత్రికుణ్ణో ఎంచుకోవడం సహజం. ఏ శక్తీ లేని సామాన్యుణ్ణి కోరి ఎంచుకున్నవాడికి మాత్రం ఆట వేరేగా సాగుతుంది. అతడు కత్తితో సమస్యను తేల్చలేడు, ఎవరి దయమీదనో ఆధారపడాలి, నోరు అదుపులో పెట్టుకోవాలి. ఈ స్థితిని మన కథల్లో వెదికితే మొదట ఎదురయ్యేది విరాటుని కొలువు. అక్కడ కూడా పాచికలున్నాయి. వాటిని వేసేవాడు కంకుడి వేషంలోని ధర్మరాజు.

2. సైరంధ్రి: నటి అన్న నింద

విరాటపర్వంలో ఆరుగురు ఒకే ఆట ఆడుతున్నారు. ధర్మరాజు కంకుడు, భీముడు వంటవాడైన వలలుడు, అర్జునుడు నాట్యం నేర్పే బృహన్నల, నకులుడు గుర్రాలు చూసే దామగ్రంథి, సహదేవుడు పశువులు కాచే తంత్రిపాలుడు, ద్రౌపది సుదేష్ణకు అలంకారాలు చేసే సైరంధ్రి. నియమం ఒక్కటే: ఏడాదిపాటు ఎవరూ వేషం విప్పకూడదు. ఒకరు బయటపడితే అందరూ ఓడినట్టే. ఈ నియమంవల్లనే కథలో ఉద్వేగం పుడుతుంది.

ఆ నియమం భారం ఆరుగురిపై సమానంగా పడలేదు. వలలుడి కండబలం వంటశాలలోనూ పనికివచ్చింది, మల్లయుద్ధంలోనూ పనికివచ్చింది. బృహన్నలకు విద్య అండగా నిలిచింది. సైరంధ్రి చేతిలో మాత్రం ఏమీ లేదు. మదిర తెమ్మని రాణి పంపితే కీచకుడి ఇంటికి వెళ్ళకతప్పలేదు. అతడు వెంటపడితే సభలోకి పరుగెత్తింది. అందరూ చూస్తుండగా అతడు తన్నాడు. అప్పుడు భీముడి చూపు చెట్టువైపు మళ్ళింది. ధర్మరాజు అతణ్ణి వారించాలి, కానీ కంకుడిగానే మాట్లాడాలి. అందుకే వంటచెరకు కావాలంటే బయటికి వెళ్ళి వేరే చెట్లు చూసుకొమ్మని వంటవాడికి చెప్పినట్టు చెప్పాడు. ఒక చక్రవర్తి తమ్ముడికి ఇచ్చే ఆజ్ఞ వంటకట్టెల మాటగా మారిన ఈ ఘట్టాన్ని మించిన పాత్రపోషణ భారతంలో మరొకటి లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆ వెంటనే కంకుడు సైరంధ్రిని మందలిస్తాడు. సభలో ఇలా నటిలాగా ఏడవడం తగదంటాడు. అందుకు తిక్కన ద్రౌపది ఇచ్చిన జవాబు ప్రసిద్ధం. తన భర్త నటుడే కనుక తానూ అటువంటిదేనని ఒప్పుకుంటూనే కంకుణ్ణి నిలదీస్తుంది. జూదరి వేషం కట్టినవాడు నటి అని నిందించడం, ఆమె ఆ నిందను తిరిగి అతడికే అప్పగించడం విద్వాంసులు తరతరాలుగా మెచ్చుకున్న చమత్కారం.

ఈ మాటలను వనారస కుటుంబం స్థితితో కలిపి చదివితే వాటి బరువు మారుతుంది. వారు మహారాష్ట్రమూలం గలవారు, తోలుబొమ్మలాట వృత్తిగా ఊరూరా తిరిగినవారు. తెరవెనుక ఉండి బొమ్మకు గొంతునిచ్చిన మనుషులు 1885లో తెరముందుకు వచ్చి తమ ముఖాలతో నిలిచారు. ఆటకత్తె అన్న మాట నిందగా చెలామణి అయ్యే కాలమది. పరిషత్తులలోనూ సమాజాలలోనూ మగవారే ఆడవేషాలు కట్టేవారు. సురభివారు కాలక్రమంలో తమ ఇంటి ఆడవారినే స్త్రీపాత్రల్లో నిలిపారు. దాసిగా అవమానం పొందిన రాణి పాత్రను సమాజం నటి అని తక్కువచూపు చూసే స్త్రీ ధరిస్తే, ఆ సభాఘట్టంలో వేషం ఎక్కడ ముగుస్తుందో జీవితం ఎక్కడ మొదలవుతుందో ప్రేక్షకుడు తేల్చుకోవలసి వస్తుంది.

కీచకుణ్ణి మన కాలపు అధికారిగా గుర్తించడం కూడా ఆ తరానికి కష్టం కాలేదు. మరాఠీలో కృష్ణాజీ ప్రభాకర్ ఖాడిల్కర్ 1907లో వ్రాసిన 'కీచకవధ్' నాటకంలో కీచకుడిని కర్జన్ ప్రభువుగా, సైరంధ్రిని పరాధీనదేశంగా ప్రేక్షకులు చూశారు. బ్రిటిష్ ప్రభుత్వం 1910లో ఆ నాటకాన్ని నిషేధించింది. సురభి ప్రదర్శనకు అటువంటి ఉద్దేశం ఉన్నట్టు వాదించడం అనవసరం. రాజకీయార్థం ఏ దేశంలో ఎవరు ఎక్కించినా మోయగల శక్తి ఆ కథలోని దాసీవేషానికి ఉన్నదని మాత్రం దీనినుంచి గ్రహించవచ్చు. దత్తమండలాల్లోనే మరో మూల, బళ్ళారిలో, ధర్మవరం రామకృష్ణమాచార్యులు దాదాపు అదే కాలంలో 'చిత్రనళీయం' వ్రాశారు. రాజ్యం పోయిన నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో వంటచేసి గుర్రాలు తోలే కథ అది.

3. వానకోసం విరాటపర్వం

రాయలసీమలో వాన కురవకపోతే విరాటపర్వం చదివించడం, ఆడించడం పాత ఆచారం. పాండవులున్న చోట వానలు సమృద్ధిగా కురుస్తాయని భీష్ముడు దుర్యోధనుడికి చెప్పడం ఈ నమ్మకానికి ఆధారంగా చూపుతారు. ఆధారం సరే, రైతు ఆ కథలో తనను ఎక్కడ నిలుపుకుంటాడన్నది మరో ప్రశ్న. గడువు ఎప్పుడు తీరుతుందో లెక్కపెట్టుకుంటూ పరాయి పంచన రోజులు నెట్టే మనుషుల కథ అది. కరవుసీమ రైతుకు దానిని వివరించి చెప్పవలసిన పని ఉండదు.

4. తోటి, దొర

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో ప్రేక్షకుడికీ వేషధారికీ మధ్య గీత చెరిగిపోతుంది. కైకాల కుటుంబంవారు వరుసగా కట్టే వేషాలను అనుసరించి ఊరిజనమూ వేషాలు కడతారు. బైరాగివేషం నాడు ఒంటికి తెల్లపూత, బండవేషం నాడు కుంకుమ, తోటివేషం నాడు బొగ్గుపొడి. తరువాత దొరవేషం, మాతంగివేషం, సున్నపుకుండలు వస్తాయి. కథ తెలిసినదే. ఊరి ఆడపిల్లలను చెరపట్టే పాలెగాణ్ణి సంహరించడానికి గంగమ్మ వేషాలు మార్చుకుంటూ వెదికింది. దాక్కున్న పాలెగాడు దొరను చూసి బయటికి వచ్చాడు, తల పోగొట్టుకున్నాడు. ఈ జాతరపై జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఒక విస్తృతగ్రంథం ప్రచురించారు. మగవారు చీరకట్టి జాతరలో నడవడంపై పండితులు ఎక్కువగా చర్చించారు.

తోటివేషానికి దక్కవలసిన శ్రద్ధ ఇంకా దక్కలేదనిపిస్తుంది. తోటి అంటే పురాణపాత్ర కాదు. గ్రామవ్యవస్థలో చాటింపు వేసే, కబురు మోసే, పిలిచినప్పుడు రావలసిన అట్టడుగు సేవకుడు. అతడిది వంశపారంపర్యపు చాకిరి. దేవత పాలెగాణ్ణి వెదకడానికి ఆ వేషం ఎందుకు ఎంచుకుంది? తోటి ఏ వీధిలో కనిపించినా ఎవరూ తల తిప్పి చూడరు. కనబడనితనమే ఆ వేషంలోని బలం. కథ ఇంతవరకు న్యాయంగానే ఉంది. అయితే పాలెగాడు తోటిని చూసి బయటికి రాలేదు, దొరను చూసి వచ్చాడు. చంపే పనికి దొరవేషమే కావలసివచ్చింది. బొగ్గు పూసుకున్న భక్తుడు సాయంత్రం స్నానం చేసి తన కులంలోకి తిరిగి వెళతాడు. ఊరి తోటికి ఆ స్నానం లేదు.

ఈ తేడాను గమనించకుండా అధికారంలేని వేషాన్ని కేవలం విలోమోత్సవంగా, ఏడాదికొకసారి తలకిందులయ్యే లోకంగా వర్ణించడం మన జానపదపరిశోధనలో అలవాటైంది. పాండవుల అజ్ఞాతవాసానికి ఒక సంవత్సరం గడువు ఉంది. గడువు ఉన్నవాడు భరించే అవమానమూ, గడువు లేనివాడు భరించే అవమానమూ ఒకే వేషంలో కనిపించినా రెండూ ఒకటి కావు.

5. కాటిసీను

ఈ తేడా రంగస్థలంమీద అన్నిటికంటె తీవ్రంగా బయటపడే చోటు హరిశ్చంద్ర కాటిసీను. బలిజేపల్లి లక్ష్మీకాంతం వ్రాసిన సత్యహరిశ్చంద్రీయం తిరునాళ్ళలో తెల్లవార్లూ సాగే నాటకం. కాటిసీనుకోసమే నిద్ర ఆపుకొని కూర్చునే జనం ఉంటారు. హరిశ్చంద్రుడిది వేషం కాదు. అతడు అమ్ముడుపోయాడు. వీరబాహుడు యజమాని, చక్రవర్తి కాటికాపరి. విడుదల ఎప్పుడో అతడికి తెలియదు. సొంత కొడుకు శవానికి కూడా కాటిసుంకం అడగవలసిన ఉద్యోగం అది.

ఆ సీనులో నటులు గుర్రం జాషువా 'శ్మశానవాటి' పద్యాలను చేర్చి పాడడం మొదలుపెట్టారు. అవి బలిజేపల్లివారి రచనలోనివి కావు. అయినా నేడు ఆ పద్యాలు లేని కాటిసీనును జనం ఒప్పుకోరు. జాషువా అంటరానితనాన్ని చిన్ననాటినుంచి అనుభవించిన కవి. చనిపోయినవాళ్ళ మధ్య రాజుకూ పేదకూ తేడా లేదని ఆయన చూసిన చూపు, కాటికాపరి వేషంలో ఉన్న రాజు నోటికి చేరింది. గడువు లేనివాడి మాట గడువున్నవాడి పాత్రలోకి వచ్చిన ఘట్టమిది. దీనిని ఏ సమాజమూ తీర్మానించి చేయలేదు. నటులు పాడారు, జనం 'వన్స్‌మోర్' అన్నారు, పద్యాలు నిలిచాయి. తెలుగు నాటకచరిత్రలో ఇంతటి మార్పు ఇంత నిశ్శబ్దంగా జరగడం అరుదు. అదే కాలంలో జాషువాను పంక్తిలో పక్కన కూర్చోబెట్టుకోవడానికి వెనుకాడిన ఊళ్ళు లేకపోలేదు.

6. పిట్టలదొర

పైన చెప్పినవన్నీ పైవాడు కిందికి దిగిన వేషాలు. పగటివేషగాళ్ళ పిట్టలదొర దీనికి తిరగవేసినది. చిరిగిన ఖాకీకోటు, టోపీ, కొయ్యతుపాకి, ఆగకుండా కోతలు. తనకు ఊళ్ళు ఉన్నాయంటాడు, గుర్రాలు ఉన్నాయంటాడు, నిన్ననే కలెక్టరుతో భోంచేశానంటాడు. అధికారం ఏమాత్రమూ లేనివాడు అధికారపు చొక్కా తొడిగితే ఎలా ఉంటుందో అతడు చూపిస్తాడు. చూసేవాళ్ళు నవ్వి ఊరుకుంటే ఆట సాగదు. ఊళ్ళో ఎవరో ఒకరు 'దొరా, నీ ఏనుగు ఏదీ?' అని అడగాలి. అప్పుడు అతడికి తరువాతి మాట పుడుతుంది. పగటివేషంలో ఊరంతా పాత్రధారులే అనడం ఈ అర్థంలోనే. తోలుబొమ్మలాటలో జుట్టుపోలిగాడు, బంగారక్క రామాయణం మధ్యలో దూరి ఊరి మాండలికంలో మాట్లాడడం ఇదే కోవలోది. అక్కడ రాముడు పద్యం చదువుతాడు, పోలిగాడు ఆకలి సంగతి చెబుతాడు.

పగటివేషగాళ్ళు ఒక ఊళ్ళో కొన్నాళ్ళు మకాంవేసి రోజుకొక వేషం కడతారు. ఆఖరునాడు ఇంటింటికీ వెళ్ళి సంభావన అడుగుతారు. అప్పటికి తుపాకి మూటలో ఉంటుంది, కోటు భుజాన ఉంటుంది. గింజలు పోసేవాళ్ళు మాత్రం ఇంకా దొరా అనే పిలుస్తారు. చేట ముందుకు చాచినప్పుడు అతడు దొరలాగానే, ఇంతేనా అని విసుక్కుంటాడు. కొందరు ఇంకో దోసెడు పోస్తారు.