బీరువా తాళం ఎవరి దగ్గర?

మన సమాఖ్య నివేదిక నిండా పొదుపు, అప్పు, వసూలు లెక్కలే ఉంటాయి. ఉండాల్సినవే. కానీ గ్రామ సంఘం గదుల్లో పెట్టుకున్న పుస్తకాల బీరువాలు చాలా రోజులు మూసే ఉంటున్నాయి. జీతమిచ్చే మనిషి లేకపోతే లైబ్రరీ నడవదు అని కొందరు అక్కలు అంటున్నారు. మన నాట లైబ్రరీలు మొదలైందే జీతాల్లేకుండా. అందుకే ఈ పాత సంగతులు రాస్తున్నాను.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పెట్టినవాళ్లలో కొమర్రాజు లక్ష్మణరావు గారు ఒకరు. ఆయన పేరు అందరూ చెబుతారు, అక్క పేరు తక్కువమంది చెబుతారు. ఆమె భండారు అచ్చమాంబ. చిన్నప్పుడే పెళ్లయింది. బడికి పోలేదు. తమ్ముడు చదువుకుంటుంటే తనూ నేర్చుకుంది. తర్వాత మన దేశపు స్త్రీల జీవితాలన్నీ ఏరి అబలా సచ్చరిత్ర రత్నమాల రాసింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబ గారితో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఆడవాళ్లు సంఘం కట్టడం నిన్న మొన్నటి మాట కాదన్నమాట.

1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య గారు ఊరూరూ తిరిగి లైబ్రరీలు పెట్టించారు. ఊళ్లో చదువొచ్చినవాళ్లే తాళం తీసేవాళ్లు. చదువు రానివాళ్లకు పేపరు చదివి వినిపించేవాళ్లు, రాత్రిబడి నడిపేవాళ్లు. 1918లో వేటపాలెంలో మొదలైన సారస్వత నికేతనం ఇప్పటికీ ఉంది.

నాకు బాగా నచ్చేది మాత్రం పడవ సంగతి. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి తిప్పించారు. పెదవడ్లపూడి, కొల్లిపర మధ్య కాలువ అది. పడవెక్కినవాళ్లు దిగేదాకా చదువుకోవచ్చు, ఒడ్డునున్న ఊళ్లవాళ్లకూ పుస్తకాలు అందేవి. మనిషి లైబ్రరీకి రాకపోతే లైబ్రరీయే మనిషి దగ్గరికి పోవాలనుకున్నారు. మధ్యాహ్నం కూలికి పోయేవాళ్లున్న ఊళ్లో మధ్యాహ్నమే బీరువా తెరిస్తే ఎవరొస్తారు?

ఇక మన కాలానికి వద్దాం. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరదీపం నడిచింది. రాత్రిపూట పలక పట్టిన ఆడవాళ్లు పాఠంలో సారా సంగతి చదివి, మా ఇంట్లో జరిగేదీ ఇదేగా అనుకున్నారు. దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. వాళ్ల కథే తర్వాతి వాచకంలో పాఠమై, చదివిన ఊరల్లా కదిలింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బులోంచి రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపులక్ష్మి గ్రూపులు పుట్టాయి. మన పాసుపుస్తకం వెనకాల ఒక చదువు పుస్తకం ఉందని చెప్పడానికే ఇదంతా.

ఇంకో సంగతి. ఇంటిపన్ను రసీదు ఒకసారి తీసి చూడండి. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. పంచాయతీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. బీరువాకు కొత్త పుస్తకాలు అడిగితే అది దానం అడిగినట్టు కాదు. గ్రామసభలో తీర్మానం రాయించి అడగొచ్చు, సంతకాలు మనవే.

మా గ్రామ సంఘంలో అనుకున్నది ఇది: వారానికి ఇద్దరు చొప్పున వంతు. సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా తెరవాలి. పుస్తకం తీసుకున్న పేరు, తేదీ రిజిస్టర్లో రాయాలి, అప్పు లెక్క రాసినట్టే. కళ్లు కనపడని పెద్దమ్మలకు, నిశానీ వేసేవాళ్లకు అరగంట చదివి వినిపించాలి. పిల్లలు పేజీలు చింపుతారని కొందరి భయం. చింపనివ్వండి, జిగురు ఉంది.

మొదటివారం తాళంచెవి నా దగ్గర ఉంటుంది. రెండోవారం ఎవరు తీసుకుంటారో వచ్చే నెల సమావేశంలో చెప్పండి.