ఫార్మసీ చదువునకు పునాది ఏది?

వైద్యుడు మందుచీటీ వ్రాసి యిచ్చును. రోగి మందు మ్రింగును. ఈ రెంటికి నడుమ ఒక మనిషి గలడు. చీటీని చదివి, మోతాదు సరిచూచి, మందును రోగి చేతికి ఇచ్చువాడు అతడే. అతని చేయి ఒక్కమారు పొరపడినచో రోగి ప్రాణమునకే ముప్పు వచ్చును. అట్టివాడు ఈ విద్యలో అడుగు పెట్టుటకు ముందు ఏమి చదివి యుండవలెను?

భారతదేశమున ఈ ప్రశ్న ఇంటర్మీడియేట్‌తోనే తీరిపోవును. భౌతిక, రసాయనశాస్త్రములతోపాటు గణితమునో జీవశాస్త్రమునో చదివినవారు నేరుగా బి.ఫార్మసీలో చేరవచ్చును. అమెరికాలో పద్ధతి వేరు. అచ్చటి విద్యార్థి సాధారణముగా రెండేండ్లో అంతకు మించియో కళాశాలలో పునాది విషయములు చదివి, పిమ్మట నాలుగేండ్ల ఫార్మ్.డి. చదువునకు పోవును. చాలామంది మొదట పూర్తి డిగ్రీనే సంపాదింతురు. కావున డిగ్రీలో ప్రధాన విషయముగా దేనిని ఎన్నుకొనవలెనన్న చిక్కు వారికి కలుగును. రసాయనశాస్త్రమా? జీవశాస్త్రమా? లేక మరియొకటియా? ఈ చిక్కు నేటిది కాదు. దీని మూలమును వెదకినచో, 1871లో ఒక ఆచార్యుని ప్రతినిధిగా అంగీకరింపక త్రోసిపుచ్చిన ఒక సభ కనబడును.

అంగడియే బడి

పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో అమెరికాలో మందులవాడు కాగోరిన బాలుడు ఒక మందుల అంగడిలో శిష్యరికమునకు కుదురుకొనెడివాడు. సీసాలు కడుగుట, వేళ్లను బెరళ్లను కల్వములో నూరుట, మాత్రలు చుట్టుట అతని పని. చూచి నేర్చుకొనుటయే చదువు. 1821లో ఫిలడెల్ఫియాలో తొలి ఫార్మసీ కళాశాల ఏర్పడెను. అచ్చటకూడ పగలు అంగడిలో పనిచేయు యువకులకు సాయంకాలములందు ఉపన్యాసము లిచ్చుటయే పద్ధతి. పట్టము కావలెనన్నచో కొన్ని సంవత్సరముల శిష్యరికము తప్పనిసరి. చేతి నైపుణ్యము పుస్తకమువలన రాదని పెద్దల వాదము. అందు సత్యము లేకపోలేదు.

అయితే కంటికిని నాలుకకును అందని చిక్కు ఒకటి అప్పటికే వచ్చిపడెను. ఓడలలో దిగుమతియగు మందులలో కల్తీ పెరిగెను. వానిని రేవులలో పరీక్షించుటకై అమెరికా ప్రభుత్వము 1848లో ఒక చట్టమునే చేసెను. సింకోనా బెరడునుండి వచ్చు క్వినైను తెల్లనిది, చేదైనది. అదే బెరడునుండి వచ్చు సింకోనినుకూడ తెల్లనిదే, చేదైనదే. పది సంవత్సరములు కల్వము నూరినను ఈ రెంటికి భేదము చూపుటకు ఆ నైపుణ్యము చాలదు. అందుకు రసాయన విశ్లేషణము తెలియవలెను.

ప్రెస్కాట్ తెచ్చిన మార్పు

1868లో మిచిగాన్ విశ్వవిద్యాలయమున ఫార్మసీ బోధన ఆరంభమయ్యెను. దానికి సారథ్యము వహించినవాడు ఆల్బర్ట్ బెంజమిన్ ప్రెస్కాట్. ఇతడు వైద్యపట్టము పొందినవాడు; అంతర్యుద్ధకాలమున సైన్యములో వైద్యుడుగా పనిచేసెను. తరువాత రసాయనశాస్త్ర బోధనమే ఇతని వృత్తి అయ్యెను. ఇతని పద్ధతిలో విద్యార్థి రాత్రి ఉపన్యాసములతో సరిపెట్టుకొనుటకు వీలులేదు. పగలంతయు ప్రయోగశాలలో నిలిచి తన చేతులతో తాను పరీక్షలు చేయవలెను. అన్నిటికంటె పెద్ద మార్పు మరియొకటి. పట్టమునకు అంగడి శిష్యరికము అవసరము లేదని ఇతడు నిర్ణయించెను.

1871లో సెయింట్ లూయిస్ నగరమున అమెరికన్ ఫార్మస్యూటికల్ అసోసియేషన్ సమావేశము జరిగెను. ప్రెస్కాట్ మిచిగాన్ ప్రతినిధిగా పోయెను. శిష్యరికమును కోరని సంస్థ ఫార్మసీ కళాశాల అనిపించుకొనదని తలచి సభవారు అతనిని ప్రతినిధిగా అంగీకరింపలేదు. పునాది లేని అనుభవము విజ్ఞానము కాదనియు, శాస్త్రము ముందు నేర్చినవానికే అనుభవము ఫలించుననియు అతని పద్ధతిలోని సారాంశము. సభ నిరాకరించినను అతడు ఆ పద్ధతిని విడువలేదు.

కాలక్రమమున ఇతర విశ్వవిద్యాలయములును ఆ త్రోవనే పట్టెను. జర్మనీలో రసాయనశాస్త్రమున డాక్టరేటు పొంది వచ్చిన ఎడ్వర్డ్ క్రేమర్స్ 1892లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున నాలుగు సంవత్సరముల ఫార్మసీ డిగ్రీని ప్రవేశపెట్టెను. 1900లో ఫార్మసీ కళాశాలల అధ్యాపకులు ఒక సంఘముగా ఏర్పడినప్పుడు దానికి తొలి అధ్యక్షుడుగా ప్రెస్కాట్ ఎన్నికయ్యెను. ఇరువది తొమ్మిది సంవత్సరముల క్రిందట కళాశాల ప్రతినిధిగా చెల్లనివాడే కళాశాల లన్నిటికి పెద్ద అయ్యెను! 1932నుండి నాలుగేండ్ల చదువు అమెరికన్ ఫార్మసీ కళాశాలలలో కనీస నియమమయ్యెను.

రసాయనశాస్త్ర మొక్కటి చాలునా?

రసాయనశాస్త్రము గెలిచినది. కాని 1937లో జరిగిన ఒక ఘోరము దాని పరిమితిని చాటెను. సల్ఫనిలమైడు అప్పటికి క్రొత్తగా వచ్చిన మందు. స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవులవలన కలుగు వ్యాధులపై చక్కగా పనిచేసెను. మాత్రలుగా, చూర్ణముగా దొరకెడిది. పిల్లలు త్రాగుటకు వీలైన ద్రవరూపము కావలెనని వర్తకులు కోరిరి. టెన్నెసీ రాష్ట్రములోని ఒక సంస్థకు చెందిన ప్రధాన రసాయనజ్ఞుడు అది డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరగునని కనుగొనెను. రుచికై రాస్ప్‌బెర్రీ పరిమళమును కలిపిరి. రంగు, రుచి, వాసన పరీక్షించిరి. అన్నియు బాగుగనే యుండెను. ఆ ద్రావణి శరీరములో ఏమి చేయునో మాత్రము పరీక్షింపలేదు. అది మూత్రపిండములను చెడగొట్టు విషము. నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పసిపిల్లలు పెక్కురు.

ఆ రసాయనజ్ఞుని లెక్క ఒకవిధముగా తప్పు కాదు. మందు కరగవలెను, అది కరగెను. కాని “ఈ పదార్థ మేమి?” అనునది ఒక ప్రశ్న. “ఇది శరీరములో ఏమి చేయును?” అనునది వేరొక ప్రశ్న. మొదటిదానికి రసాయనశాస్త్రము, రెండవదానికి శరీరధర్మశాస్త్రము, జీవరసాయనశాస్త్రము సమాధానము చెప్పవలెను. క్రొత్త మందును అమ్ముటకు ముందే అది సురక్షితమని చూపవలెనని అమెరికాలో 1938లో చట్టము వచ్చెను.

ఈలోగా మందుల తయారీ కర్మాగారములకు తరలిపోయెను. అంగడిలో కల్వము మూలబడెను. ఫార్మసిస్టు చేతిలోనికి మందు సిద్ధముగా వచ్చుచుండగా, దానిని ఎవరికి, ఎంత, మరి ఏ మందుతో కలిపి ఇయ్యవచ్చునో చూచుట అతని ముఖ్యకార్యమయ్యెను. 1960లో కనీస చదువు ఐదేండ్లకు పెరిగెను. 1966లో శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆసుపత్రి తొమ్మిదవ అంతస్తులో ఒక ప్రయత్నము మొదలయ్యెను. ఫార్మసిస్టులు అచ్చట వైద్యులతోను నర్సులతోను కలిసి రోగుల చెంతనే పనిచేయసాగిరి. రోగితో మాటలాడుట, సందేహములు తీర్చుట, పరిశోధనాఫలితములలోని అంకెలను బేరీజు వేయుట ఇట్లు ఫార్మసీలో భాగములయ్యెను. ఇరువదియొకటవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఫార్మ్.డి. పట్టమే ఆ దేశమున వృత్తిప్రవేశమునకు ద్వారమయ్యెను.

భారతదేశమున

భారతదేశములో కల్తీ మందులపై విచారణకు 1930లో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడెను. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మహాదేవ లాల్ ష్రాఫ్ ఔషధ రసాయనశాస్త్ర బోధనను ఆరంభించెను. ఈ దేశపు ఫార్మసీ విద్యకు పితామహుడుగా పేరొందిన ఈయన అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున చదివినది రసాయనశాస్త్రము. అయినను తన శిష్యులకు దానితోనే సరిపెట్టలేదు. 1937నాటికి ఆ శాఖ బి.ఫార్మసీ డిగ్రీగా రూపొందెను. 1948లో ఫార్మసీ చట్టము వచ్చెను. 1951లో విశాఖపట్టణమున ఆంధ్ర విశ్వవిద్యాలయములో ఫార్మసీ బోధన మొదలయ్యెను. ఇంటర్మీడియేట్ పిదప ఆరేండ్ల ఫార్మ్.డి. చదువు 2008లో ఈ దేశమునకు వచ్చెను. దాని చివరి సంవత్సరము ఆసుపత్రిలో పనిచేయుచు నేర్చుకొనుటకే కేటాయింపబడినది.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగును. 1871 సభవారు పట్టుబట్టిన శిష్యరికము మరల వచ్చినది. కాని దాని చోటు మారినది. అది ఇప్పుడు శాస్త్రమునకు ముందు కాక తరువాత వచ్చుచున్నది. అంగడిలో కాక రోగి మంచము ప్రక్కన జరుగుచున్నది. ఆ సభలో ఇరుపక్షముల వాదములలోను నిజమున్నది. తేలవలసినది వాని వరుస మాత్రమే.

విద్యార్థి ప్రశ్నకు సమాధానమును ఈ చరిత్రయే చెప్పుచున్నది. అమెరికాలోని ఫార్మసీ కళాశాలలు సాధారణముగా డిగ్రీపై వ్రాసియున్న పేరును చూడవు. చదివిన విషయములను చూచును. సామాన్య రసాయనశాస్త్రము, కర్బన రసాయనశాస్త్రము, జీవశాస్త్రము, శరీరధర్మశాస్త్రము, సూక్ష్మజీవశాస్త్రము, గణితము, సాంఖ్యకశాస్త్రము, ఆంగ్లరచన, ప్రసంగము మొదలగునవి ఆ పట్టికలో తరచుగా కనబడును. కళాశాలను బట్టి పట్టిక కొంత మారును గనుక దానిని ముందే తెలిసికొనవలెను. రసాయనశాస్త్రమును ప్రధానముగా తీసికొన్నవానికి శరీరధర్మశాస్త్రము కొరవడవచ్చును. జీవశాస్త్రమును తీసికొన్నవానికి గణితము కొరవడవచ్చును. చరిత్రనో అర్థశాస్త్రమునో ప్రేమించి చదివినవాడును పట్టికలోని శాస్త్రములను శ్రద్ధగా పూర్తిచేసినచో అర్హుడే. ఇష్టముతో చదువగల విషయమును ప్రధానముగా ఎన్నుకొని, కొరవడిన దానిని విడిగా పూరించుకొనుట మేలు.

ఇంటర్మీడియేట్‌నుండి నేరుగా బి.ఫార్మసీకి పోవు తెలుగు విద్యార్థికిని ఈ మాట వర్తించును. గణితము తీసికొన్నవాడు జీవశాస్త్రములోని లోటును, జీవశాస్త్రము తీసికొన్నవాడు గణితములోని లోటును మొదటి సంవత్సరముననే తీర్చుకొనవలెను. రేపు మందుచీటీ అతని చేతికి వచ్చినప్పుడు రోగి అతని డిగ్రీ పేరును అడుగడు. మోతాదు సరిగా ఉన్నదా లేదా అన్నదే రోగికి కావలసినది.