న్యూయార్క్ పాఠశాలలకు దీపావళి సెలవు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగరపు ప్రభుత్వ పాఠశాలలు దీపావళి నాడు మూసి ఉండాలని న్యూయార్క్ రాష్ట్రం 2023లో చట్టం చేసింది. ఆ సంవత్సరం నవంబరు 14న గవర్నరు కేథీ హోకుల్ నగరంలోని ఫ్లషింగ్ గణపతి దేవాలయంలో బిల్లుపై సంతకం చేసింది. ఆ ఏటి దీపావళి నవంబరు 12, ఆదివారం నాడే గడచిపోయింది. కావున పిల్లలకు మొదటి సెలవు 2024 నవంబరు 1న లభించింది.

నేపథ్యం

ఈ నగరంలో దీపావళి జరుపుకొనేవారు భారతదేశం నుండి నేరుగా వచ్చినవారు మాత్రమే కారు. గయానా, ట్రినిడాడ్ దేశాలకు పూర్వం కూలీలుగా వెళ్ళిన భారతీయుల సంతతివారు క్వీన్స్‌లోని రిచ్‌మండ్ హిల్ ప్రాంతంలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఆ రెండు దేశాలలోనూ దీపావళి జాతీయ సెలవు దినం. జైనులకు ఇది మహావీర నిర్వాణ దినం. సిక్కులు ఇదే సమయంలో బందీ ఛోడ్ దివస్ జరుపుకొంటారు. వీరి పిల్లలు పండుగ నాడు బడి మానడమో, బడికి పోయి పండుగ మానడమో తేల్చుకోవలసి వచ్చేది. వీధులు ఊడ్చడానికి కార్లు పక్కకు తీయాలనే నియమాన్ని నగరం దీపావళి నాడు చాలాకాలం క్రితమే సడలించింది. బండికి దొరికిన ఆ వెసులుబాటు పిల్లవానికి దొరకడానికి ఏళ్ళు పట్టింది.

చైనా, కొరియా తదితర దేశాలవారి చాంద్రమాన సంవత్సరాదికి 2016 నుండి, ఈద్ పండుగలకు 2015 నుండి నగర పాఠశాలలు సెలవు ఇస్తున్నాయి. దీపావళికి అడ్డు వచ్చినది 180 రోజుల లెక్క. రాష్ట్ర నియమం ప్రకారం ఏడాదికి కనీసం అన్ని పనిదినాలు ఉండాలి. 2022 అక్టోబరులో మేయరు ఎరిక్ ఆడమ్స్, శాసనసభ్యురాలు జెనిఫర్ రాజ్‌కుమార్ కలిసి, జూన్‌లో వచ్చే బ్రూక్లిన్-క్వీన్స్ దినపు సెలవు స్థానంలో దీపావళిని చేర్చాలని ప్రతిపాదించారు. 2023 జూన్‌లో శాసనసభ బిల్లును ఆమోదించింది.

తిథి నిర్ణయం

చట్టం ఈ పండుగను భారతీయ పంచాంగంలో ఎనిమిదవ నెల పదిహేనవ రోజుగా నిర్వచించింది. తెలుగువారి అమాంత గణనలో దీపావళి ఆశ్వయుజ బహుళ అమావాస్య, అనగా ఏడవ నెల చివరి రోజు. ఉత్తరాది పూర్ణిమాంత గణనలో కృష్ణపక్షం ముందు వస్తుంది కనుక అదే అమావాస్య కార్తీకంలో పదిహేనవ రోజు అవుతుంది. చట్టంలోనిది ఆ రెండవ లెక్క. పండుగ ఒక్కటే, నెల పేరే వేరు. 2024లో మరొక చిక్కు వచ్చింది. అమావాస్య రెండు రోజులకు వ్యాపించడంతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో అక్టోబరు 31న సెలవు ఇవ్వగా, న్యూయార్క్ పాఠశాలలు మరునాడు మూసివేశారు.

ఇతర గుర్తింపులు

అమెరికాలో "గుర్తింపు" అన్న మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. శ్వేతసౌధంలో దీపావళి వేడుక 2003లో మొదలైంది. 2009లో అధ్యక్షుడు బరాక్ ఒబామా స్వయంగా దీపం వెలిగించాడు. 2007లో కాంగ్రెసు ఉభయసభలు చేసిన తీర్మానాలు గౌరవసూచకాలు మాత్రమే. వాటివలన ఎవరికీ సెలవు రాలేదు. తపాలా శాఖ 2016లో దీపం బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. పెన్సిల్వేనియా 2024లో దీపావళిని రాష్ట్ర పండుగగా ప్రకటించినా, కార్యాలయాలు మూయాలని ఆదేశించలేదు. కాలిఫోర్నియాలో 2025లో సంతకమైన చట్టం 2026 జనవరి 1న అమలులోకి వచ్చింది. దేశమంతటికీ సెలవు కోరుతూ 2021లో కెరొలిన్ మలోనీ, 2023లో గ్రేస్ మెంగ్ ప్రతినిధుల సభలో ప్రవేశపెట్టిన బిల్లులు చట్టాలు కాలేదు.