వినబడని గోల: మీ ఆడియో ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న పాత కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం నా తొందరపాటే. కొత్తగా కొన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఔట్‌పుట్‌ని, ఏ పాటా ప్లే చెయ్యకుండా, ఊరికే ఆసిలోస్కోప్‌కి తగిలించాను. సన్నటి గీత రావాలి కదా? దళసరిగా, గజిబిజిగా వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో మాత్రం చీమ చప్పుడు కూడా లేదు. పీస్ పాడైందనుకుని, వాపసు పంపడానికి డబ్బాలో సర్దేశాను కూడా.

పాడవలేదు. ఆ గోల 20 కిలోహెర్ట్జ్ పైన ఉంది. మనిషి చెవికి అందేది దాదాపు అంతవరకే. దాన్ని అక్కడికి కావాలనే తోశారు. ఎవరు తోశారో చూద్దాం.

1954లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కట్లర్ అనే ఇంజనీరు ఒక పేటెంట్‌కి దరఖాస్తు పెట్టాడు. సిగ్నల్‌ని అంకెలుగా మార్చేటప్పుడు ప్రతిసారీ కొంచెం తప్పు వస్తుంది. ఆ తప్పుని పారేయకుండా గుర్తుపెట్టుకుని, తర్వాతి అంకెలో సరిచెయ్యాలన్నదే ఆయన ఆలోచన.

మన పాలవాడి లెక్కే అనుకోండి. రోజూ 47 రూపాయల పాలు, మీ దగ్గర అన్నీ 10 రూపాయల నోట్లే. మొదటి రోజు 50 ఇచ్చారు, 3 రూపాయలు మీకు జమ. రెండో రోజు ఇవ్వాల్సింది 44, 40 ఇచ్చారు, 4 బాకీ. మూడో రోజు 51 అయింది, 50 ఇచ్చారు. నెలాఖరుకి లెక్క సరిపోతుంది. కానీ రోజువారీగా చూస్తే 50, 40, 50 అని ఎగుడుదిగుళ్ళు. నెల లెక్క అంటే మనకి వినబడే నెమ్మది సిగ్నల్. రోజువారీ ఎగుడుదిగుళ్ళే ఆ అల్ట్రాసోనిక్ గోల. తప్పు మాయం కాలేదు, వేగంగా ఊగేచోటికి మారిందంతే.

1962లో టోక్యో యూనివర్సిటీ వాళ్ళు ఇనోసె, యసుదా ఇదే దారిలో ఒక పద్ధతి ప్రకటించి, డెల్టా-సిగ్మా అని పేరు పెట్టారు.

అసలు మజా సీడీ కాలంలో ఉంది. ఫిలిప్స్ దగ్గర 14 బిట్ల కన్వర్టర్ చిప్ ఉంది. సోనీ 16 బిట్లు ఉండాల్సిందేనని పట్టుబట్టింది, చివరికి ఆ మాటే నెగ్గింది. మరి ఆ 14 బిట్ల చిప్‌ని ఏం చెయ్యాలి? ఫిలిప్స్ వాళ్ళు సెకనుకి 44,100 శాంపిళ్ళని 4 రెట్లు పెంచి 1,76,400 చేశారు. దాంతో గోల వెడల్పుగా పరుచుకుంది, ఒక బిట్ లాభం. పాలవాడి లెక్క కూడా కలిపారు, దాదాపు ఇంకో బిట్. 14 బిట్ల చిప్ 16 బిట్ల పని చేసింది! నాకైతే ఆడియో చరిత్రలో ఇంతకన్నా అందమైన సర్దుబాటు కనిపించలేదు.

తర్వాత ఇది ముదిరింది. 1999లో సోనీ, ఫిలిప్స్ కలిసి తెచ్చిన సూపర్ ఆడియో సీడీలో ఉన్నది ఒకే ఒక్క బిట్, సెకనుకి 28,22,400 సార్లు. చెవి దాటాక గోల కొండలా పెరుగుతుంది. ఆంప్లిఫైయర్లు, స్పీకర్లు దెబ్బతినకుండా ప్లేయర్‌లో 50 కిలోహెర్ట్జ్ దగ్గర ఫిల్టర్ పెట్టుకోమని సలహా ఇవ్వాల్సొచ్చింది. 2001లో లిప్‌షిట్జ్, వాండర్‌కూయ్ అనే ఇద్దరు ఒక బిట్ పద్ధతి నాణ్యమైన ఆడియోకి పనికిరాదని పేపరే రాశారు. ఇప్పటి చిప్పుల్లో ఎక్కువ భాగం కొన్ని బిట్లు వాడే డెల్టా-సిగ్మా రకం. గోల తగ్గింది, పోలేదు.

మరి స్పెసిఫికేషన్ షీట్‌లో ఎందుకు కనిపించదు? కొలిచేటప్పుడే 20 కిలోహెర్ట్జ్ పైన కోసేసే ఫిల్టర్ పెడతారు. ఏఈఎస్17 అనే ప్రమాణం చెప్పేదీ అదే. మోసం అనను, కానీ పూర్తి బొమ్మ అయితే కాదు. ఎందుకంటే మీ చెవి వినకపోయినా మీ ఆంప్లిఫైయర్ వింటుంది. దానికి పై ఫ్రీక్వెన్సీలు సరిగ్గా మొయ్యడం రాకపోతే, ఆ గోల పాటతో కలిసి వినబడే చోటికి వికారంగా దిగొస్తుంది.

మీరూ చూడొచ్చు. ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి కేబుల్ వేసి, 192 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసి స్పెక్ట్రమ్ తెరవండి. 20 దాటాక గీత పైకి లేస్తోందేమో గమనించండి. కొన్నిట్లో లేస్తుంది, మంచి ఫిల్టర్ ఉన్నవాటిలో పెద్దగా లేవదు.

నా డబ్బా మళ్ళీ విప్పేశాను. ఇంకాసేపట్లో ఈ ఎపిసోడ్ ఎడిటింగ్ కూడా దాంట్లోనే వింటాను. ఉంటాను ఫ్రెండ్స్.